పూలమ్మ ఇంటి పీపీ నంబరు

మొదటి షిఫ్టుకు సదానందం డ్యూటీకి పోగానే పూలమ్మ ఇల్లు సర్దడానికి కొంగు బిగించింది. సర్దడమంటే ఏముంది, ప్రతి డబ్బా మూత తీసి చూడటం, పారెయ్యాలా ఉంచాలా అని కోడలితో వాదన పెట్టుకోవడం, చివరికి ఉంచడం. 2008 ఆగస్టు నెలాఖరుకు సదానందం బొగ్గుబాయి నౌకరీ నుంచి రిటైరవుతున్నాడు. ఇంక పది రోజులే ఉంది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి రామగుండంలో కట్టుకున్న రెండు గదుల ఇంటికి పోవాలి. రామగుండం దగ్గరి ఈ సెంటినరీ కాలనీలో పదహారేళ్లు కాపురం చేసిన మనిషికి పది రోజుల్లో మూటలు కట్టడం అయ్యే పనేనా?

కోడలు మమత గూట్లో ఉన్న టెలిఫోను దగ్గర ఆగింది. దాని మీద పూలమ్మ అల్లిన తెల్లటి దారపు గుడ్డ కప్పి ఉంది.

“అత్తమ్మా, దీన్నేం చేద్దాం? ఈడనే ఇడిసిపెట్టి పోదామా?”

“ఇడిసిపెట్టుడేందే? అది మన సొమ్మా? డిపార్టుమెంటోళ్లది. వాళ్లకు తిరిగి అప్పజెప్పాలె.”

“పదమూడేండ్ల సంది కిరాయి కట్టవడితిరి, ఇంకా మనది కాలేదా?” మమత నవ్వింది. “మా తల్లిగారింట్ల సెల్లు కొన్నరు. కొన్నరంటే కొన్నరు, అయిపాయె.”

“మా కాలంల కొనుడు యాడిది పిల్లా. వాళ్లు ఇస్తే మనం తీసుకునుడే.”

అది నిజమే. ఇప్పటి పిల్లలు నమ్మరు గాని, ఆ రోజుల్లో టెలిఫోనన్నది దుకాణంలో దొరికే వస్తువు కాదు. డిపార్టుమెంటు ఒక్కటే ఇవ్వాలి, అది ఇచ్చినప్పుడే తీసుకోవాలి. పేరు రాయించుకుని ఏళ్లకు ఏళ్లు ఎదురుచూడాలి. తీరా వచ్చినా ఆ డబ్బా మనది కాదు. రెండు నెలలకోసారి అద్దె కడుతూ జాగ్రత్తగా వాడుకోవాలి, కింద పడేస్తే జవాబు చెప్పుకోవాలి. 1995లో లైన్‌మన్ వచ్చి ఈ గూట్లో నల్లటి ఫోను పెట్టిపోయిన రోజున పూలమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆ లైనులో ముప్ఫై రెండు క్వార్టర్లుంటే ఫోను ఆమె ఒక్క ఇంట్లోనే. అది మోగినప్పుడల్లా ఆమె మెడ జానెడు పొడుగయ్యేది.

కాలనీవాళ్లు పెళ్లిపత్రికల్లో, ఉత్తరాల్లో, అల్లుళ్లకిచ్చే చీటీల్లో ఆమె ఇంటి నంబరే రాసుకునేవారు. పక్కన ‘పీపీ’ అని పెట్టేవారు. అంటే ఆ ఫోను తమది కాదు, ఆ ఇంటివాళ్లకు చెబితే తమను పిలుస్తారని అర్థం. చేసినవాళ్లు ‘ఫలానా వాళ్లను పిలువుండ్రి, పది నిమిషాలకు మళ్లీ చేస్తం’ అని పెట్టేసేవారు. పూలమ్మ పొయ్యి మీది కూర దించి పరుగెత్తేది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరి ముసలాయన పోయినా ముందు ఆమె చెవిన పడాల్సిందే. నల్లడబ్బా పోయి మీటల ఫోను వచ్చాక, అక్షరం ముక్క రాని పూలమ్మకు అంకెలు మాత్రం నోటికొచ్చేశాయి.

కొడుకు రఘుపతి రామగుండం కరెంటు ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. మూటలు కట్టడానికని సెలవు పెట్టి వచ్చాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు.

“నేను టెలిఫోన్ ఆఫీసుకు పోయి ఫారం తెస్తనే అవ్వా. సాయంత్రం బాపుతోని సంతకం పెట్టిస్తే అయిపోతది.”

“ఫోన్ సంగతి తనే చూసుకుంట, ఎవరూ ముట్టద్దన్నడు గదరా మీ బాపు.”

“బాపుకు ఆ ఫారాలు గిట్ట ఏం సమజైతయి?”

“సమజ్ కాకనే ఇన్నేండ్లు బిల్లు కట్టిండా?”

ఆ మాటకొస్తే బిల్లు ఏనాడూ ఇంటి గడప తొక్కలేదు. సదానందమే పోస్టాయనను హోటలు దగ్గర పట్టుకుని తీసుకునేవాడు, తనే కట్టి వచ్చేవాడు. రఘుపతి పదో తరగతిలో ఉన్నప్పుడు టెలిఫోను పుస్తకంలో తండ్రి పేరు వెతికి, ‘మన పేరు లేదేంది బాపూ’ అని అడిగాడు. ‘అచ్చేసేటోళ్లు మర్చిపోయిన్రు’ అన్నాడు సదానందం. అప్పుడందరూ నవ్వుకున్నారు.

పన్నెండు గంటలకు తిరిగి వచ్చిన రఘుపతి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

“అవ్వా, ఈ ఫోన్ మనది కాదు.”

“నేను పొద్దటి సంది చెప్తున్నది అదే గదరా. డిపార్టుమెంటోళ్లదని.”

“అది గాదే. డిపార్టుమెంటు కాడ కిరాయికి తీసుకున్నది గూడ మనం కాదు. కంప్యూటర్ల చూసి చెప్పిన్రు. అలీముద్దీన్ అని ఉన్నది పేరు.”

పూలమ్మ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది.

“ఎవరు అలీముద్దీన్?” అంది మమత.

“ఇమాంబీ చిన్నమ్మ పెనిమిటి,” అన్నాడు రఘుపతి. “మనకంటె ముందు ఈ క్వార్టర్ల వాళ్లే ఉండిరి. నేను చిన్నగున్నప్పుడే పోయిండు అలీం కాక. సచ్చిపోయి పదహారేండ్లాయె. ఆయన పేరు మీద మన ఇంట్ల ఫోనేందే అవ్వా? ఆయనొచ్చి సంతకం పెట్టాలన్నరు. పోయిండంటే, మరి ఆయన భార్యను తోల్కరా, చనిపోయిన సర్టిఫికెట్ తే అన్నరు. ‘ఇంతకు నువ్వు వాళ్లకు ఏమైతవ్’ అని అడిగిన్రు. ఏం చెప్పాలె నేను?”

 పూలమ్మ గోడ వారగా నేల మీద కూర్చుంది. అలీముద్దీన్, సదానందం ఒకే షిఫ్టులో పనిచేశారు, ఒకే గ్లాసులో చాయ్ సగం సగం తాగారు. 1992లో ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్న అలీముద్దీన్ గుండె ఆగి మళ్లీ లేవలేదు. కొడుకు తాబిష్ మరీ చిన్నవాడు, తండ్రి నౌకరీ వాడికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. నౌకరీ చేసే మనిషి లేకపోతే కంపెనీ క్వార్టరు ఉండదు కదా. ఇమాంబీ ఇద్దరు పిల్లలతో అంగడి వెనక కిరాయి గదికి పోయి బట్టలు కుట్టుకుని బతికింది. ఖాళీ అయిన క్వార్టరు సదానందానికి వచ్చింది. అంతవరకు అందరికీ తెలిసిందే. ఈ ఫోను సంగతే ఎవరికీ తెలియదు.

కానీ పూలమ్మ గుండెను పిండింది అది కాదు. ఆమెకు వేరే సంగతి గుర్తొచ్చింది. పదేళ్లుగా దాన్ని ఎవరికీ చెప్పకుండా, తనకు తాను కూడా చెప్పుకోకుండా దాచుకుంది.

ఫోను వచ్చిన రోజు నుంచి సదానందం ఇంట్లో ఒక కట్టడి పెట్టాడు. ఎవరికి ఫోను వస్తే పిలిచావో లేదో నీ ఇష్టం, ఇమాంబీకి వస్తే మాత్రం కంచం ముందు నుంచైనా లేచిపోవాలి. ఇమాంబీ ఇల్లేమో పది నిమిషాల నడక. ఎండైనా వానైనా పూలమ్మే పోవాలి. పోకపోతే ఆయన ముఖం మాడ్చుకునేవాడు, లేదా డ్యూటీ బట్టలతోనే తానే పోయేవాడు. భర్త పోయిన ఆడదాని మీద పరాయి మగవాడికి ఇంత ఫికరెందుకు? పూలమ్మ అడగలేదు. అడగకుండా ఏళ్ల తరబడి లోపల్లోపల ఉడికింది. లైనులో ఆడవాళ్లు మూతి విరిచి నవ్వితే ఇంకా ఉడికింది.

1998 మే నెలలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, కాలు బయట పెడితే అరికాలు అంటుకునేది. అంతకు గంట ముందే ఇమాంబీ పేరు మీద మొగుడూ పెళ్లాలకు మాటా మాటా అయి, ఆయన రెండో షిఫ్టుకు పోయాడు. ఫోనులో ఇమాంబీ బిడ్డ రుక్సానా. బల్లార్షాలో ఇచ్చారు ఆ పిల్లను. ‘పెద్దమ్మా, జర అమ్మీని పిలువు. దవాఖానల నుంచి చేస్తున్న. పది నిమిషాలల్ల మళ్ల చేస్త’ అని పెట్టేసింది. గొంతు అదోలా ఉంది. పూలమ్మ గడప దాకా పోయింది, ఎండను చూసింది, మొగుణ్ణి తలుచుకుంది, వెనక్కి వచ్చి కూర్చుంది. పది నిమిషాలకు ఫోను మోగింది. ‘పిలిచిన బిడ్డా. ఇప్పుడు రానన్నది’ అని చెప్పింది.  అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది.

ఐదు రోజుల తర్వాత ఇమాంబీకి ఉత్తరం వచ్చింది. రుక్సానాకు ఎనిమిదో నెలలోనే కాన్పయి బిడ్డ దక్కలేదు. ఇమాంబీ బల్లార్షాకు పరుగెత్తిపోతే రుక్సానా గోడ వైపు తిరిగి పడుకుంది గాని, ఎందుకు రాలేదని అడగలేదు. ఆ రోజు నుంచి రుక్సానా తల్లికి ఫోను చేయలేదు. తమ్ముడి పెళ్లికొచ్చి రెండు రోజులుండి చుట్టంలా తిని పోయింది. ‘ఆ సంబంధం చేసినందుకు నా బిడ్డకు నా మీద కోపం పూలక్కా’ అని ఇమాంబీ ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు. పక్కన కూర్చుని పూలమ్మ ఊరుకోబెట్టింది. నిజం నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేది. అలా మింగుతూ మింగుతూనే ఇమాంబీకి దగ్గరైంది. ఈ వయసులో పూలమ్మ మనసు విప్పి మాట్లాడే మనిషి ఎవరంటే ఇమాంబీ ఒక్కతే, ఒక్క ఆ సంగతి తప్ప.

నాలుగు గంటలకు సదానందం డ్యూటీ దిగి వచ్చాడు. మంచం మీద ఉన్న ఫారం చూడగానే టిఫిన్ గిన్నె కింద పెట్టేశాడు.

“ఎవడు పొమ్మన్నడురా నిన్ను?”

“ఎవరు పొమ్మంటేంది బాపూ, పొయ్యిన,” అన్నాడు రఘుపతి. “అలీం కాక పేరు మీద మన ఇంట్ల ఫోనెందుకున్నదో చెప్పు.”

“ఇంక పది రోజులైతే అయిపోతుండె. బిల్లు కట్టకపోతే వాళ్లే వచ్చి పీక్కపోతుండె. ఎవరికీ ఎర్కుండకపోతుండె.” సదానందం కొడుకుతో కాదు, నేలతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

“రఘుపతి నాయినా,” అంది పూలమ్మ మొగుడితో. ఆమె గొంతు మెల్లగా ఉండటం చూసి మమత కూడా భయపడింది. “ఇట్ల కూసో. కూసోని మొత్తం చెప్పు. ఒక్క ముక్క దాసిపెట్టినా నేను నీతోని రామగుండం రాను.”

సదానందం కూర్చున్నాడు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ముక్కు పక్కన బొగ్గు మసి ఇంకా ఉంది.

“అలీం భాయ్ ఈ క్వార్టర్లకు వచ్చినంక ఫోన్‌కు పేరు రాపిచ్చిండు. ఆయన పోయిన మూడేండ్లకు మంజూరైనట్టు కాయితమొచ్చింది. అడ్రసు ఈ క్వార్టరుదే గదా, నా చేతిల పడ్డది. పదిహేను రోజుల్ల డిపాజిట్ కట్టాలె, లేకుంటే వేరేటోళ్లకు పోతది అని ఉన్నది. భాభీకి ఇయ్యాలెనని జేబుల పెట్టుకొని వాళ్లింటి ముందట దాక పోయిన. ఆమె మిషను కుడుతున్నది. ఎట్లయిన ఆమెతోని కట్టుడు కాదు, ఆ కిరాయి గదికి లైను రాదు అని నాకు నేనే చెప్పుకున్న. తిరిగొచ్చిన. ఇంకోసారి గూడ పోయిన, గట్లనే వచ్చిన. పద్నాలుగో రోజు పోయి డిపాజిట్ కట్టిన.”

“సంతకం?” అన్నాడు రఘుపతి.

“ఆయన పేరే పెట్టిన. లైన్‌మన్ వచ్చి వాకిట్లనే అలీముద్దీన్ ఎవరంటే నేనే అన్న.”

  ఒకరి నోటి ముందు బుక్క ఏనాడూ లాక్కోని మనిషి, యూనియన్ చందా పైసాతో సహా ఒప్పజెప్పే మనిషి, చచ్చిపోయిన స్నేహితుడి పేరు తనదని చెప్పాడు.

“నీకెందుకంత ఆశ పుట్టింది?” అంది పూలమ్మ.

“నువ్వే.” సదానందం మొదటిసారి తలెత్తాడు. “నీ తమ్మునికి బాగలేదని ఆఫీసరింటికి ఫోన్ చేసుకుంటందుకు పోతే గడప కాడ గంట సేపు నిలబెట్టిన్రని ఏడ్సుకుంట వచ్చినవ్. యాదికున్నదా? ఆ కాయితం వచ్చింది ఆ వారమే.”

“నా మీద పెట్టకు. నేను ఏడిస్తే దొంగతనం చెయ్యమని చెప్పిన్నా?” అంది గాని, ఆ మాట సగంలోనే తడబడింది. “మరి గందుకేనా ఇమాంబీకి ఫోన్ వస్తే కంచం ముందటికెళ్లి లేపి తోలింది నన్ను?”

“గందుకే. ఆమె ఫోన్ల ఆమె మాట్లాడుకుంటున్నది అనుకుంటే జర నిద్ర పడుతుండె. ఇంకేముంటది?”

“నేను ఇంకేందో అనుకున్న.”

సదానందం అర్థం కానట్టు ఆమె వైపు చూశాడు. అర్థమయ్యాక కళ్లు పెద్దవయ్యాయి. రఘుపతి, మమత ఇద్దరూ తలలు దించుకున్నారు. పూలమ్మకు సిగ్గేయలేదు, సిగ్గు పడే తావు కూడా మిగల్లేదు. ఆ మధ్యాహ్నం సంగతి కొడుకూ కోడలి ముందే, ఒక్కో మాటా చెప్పింది. రుక్సానా చేసింది, తను పోలేదు, రానన్నదని చెప్పింది.

“పొద్దుమాపు ఆమెతోని కూసోని తమలపాకు నమిలిన. కడుపుల ఇది పెట్టుకొని నమిలిన. నువ్వు కాయితం దాసినవ్, నేను ఆమె బిడ్డనే దాసిన. అది గూడ ఎవరి ఫోన్ల? వాళ్ల ఫోన్లనే వాళ్లమ్మ రాదని చెప్పిన గదయ్యా.”

అప్పుడు పగిలింది ఆమెకు ఏడుపు. సదానందం పక్కకొచ్చి కూర్చున్నాడు గాని చెయ్యి వెయ్యడానికి కూడా ధైర్యం చాల్లేదు. పెళ్లయిన ముప్ఫై నాలుగేళ్లలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఇంత కొత్తగా ఎప్పుడూ చూసుకోలేదు.

“భాభీకి చెప్పద్దు పూలా,” అన్నాడు చివరికి. “పది రోజులల్ల పోయేటోళ్లం. ఈ వయసుల ఆమె ముందట నన్ను దొంగను చెయ్యకు.”

“నువ్వు రాకుంటే రాకు. నేను పోత.” ఆమె లేచి ముఖం కడుక్కుంది. “చెప్తే ఇమాంబీ నన్ను గడప తొక్కనియ్యదు. ఎరుకే. చెప్పకుంటే ఆ పిల్ల జిందగంత తల్లి రానన్నదనే అనుకుంటది. ఏది ఎక్కువ చెప్పు?”

ఆమె చెప్పులేసుకునేసరికి సదానందం కూడా వెనకే ఉన్నాడు.

ఇమాంబీ గడపలో కుట్టు మిషను వేసుకుని కూర్చుంది. ఇద్దరూ కలిసి రావడం చూసి, నెలాఖరు రిటైర్మెంటు విందుకు పిలవడానికొచ్చారనుకుని నవ్వుతూ లేచింది. “రా పూలక్కా. భాయ్ గూడ వచ్చిండు, ఏం ఖుష్ ఖబర్?”

సదానందం కూర్చోలేదు. నిలబడే, చేతులు కట్టుకుని ఫోను సంగతి చెప్పాడు. ఇమాంబీ మొదట అర్థం కానట్టు వింది. తర్వాత ఆమె ముఖంలో కోపం రాలేదు, విచిత్రంగా వెలుగొచ్చింది.

“మంజూరైందా? మా ఆయనకు నంబరొచ్చిందా?” అంది. “ఆ ఫోన్ కోసమని నాలుగుసార్లు కరీంనగర్ పొయ్యిండు భాయ్. ఆఖరికి గూడ అదే అనుకుంట పోయిండు. రాలేదనే అనుకున్న నేను.”

“వచ్చింది భాభీ. నేనే తిన్న.”

వెలుగు మెల్లగా ఆరిపోయింది. ఇమాంబీ మిషను చక్రాన్ని అరచేత్తో ఆపి అలాగే పట్టుకుంది. “ఒక్క మాట చెప్తే ఏమైతుండె? నేనేడ కడుతుంటి అన్ని పైసలు. మీరే ఉంచుకోండ్రి అంటుంటి గద. అడిగితే ఇచ్చేదాన్ని భాయ్, అడగకపోతివి. ఆయన పేరు నీదని చెప్పినవా? ఎట్ల వచ్చింది నోటికి?”

 సదానందం గోడకు తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బొగ్గుబాయిలో ముప్ఫై మూడేళ్లు పనిచేసిన మనిషి అలా ఏడవడం చూసి ఇమాంబీ కళ్లు కూడా నిండాయి. “బస్, చాలు భాయ్, ఊకో,” అంది. మనసు మెత్తబడుతోంది. ఆ మెత్తదనం చూసి పూలమ్మ భయపడింది. ఇక్కడితో ఆగిపోవచ్చు, ఆగిపోతే ఈ సాయంత్రం క్షమాపణతో గడిచిపోతుంది, రేపూ తమలపాకులు నమలొచ్చు.

“నాది ఇంకోటున్నది ఇమాంబీ,” అంది. ఆగకుండా, కళ్లలోకి చూస్తూ చెప్పేసింది.

  ఇమాంబీ ఎవరితోనో లెక్క చూసుకుంటున్నట్టు మెల్లగా అంది, “ఆ రోజు నేను ఇంట్లనే ఉన్న. ఎండకు దర్వాజ పెట్టుకొని నీ జాకిట్లే కుడుతున్న.”

పూలమ్మ ఆమె కాళ్ల మీద పడబోయింది. ఇమాంబీ కాళ్లు వెనక్కి లాక్కుంది.

“ముట్టకు నన్ను. పచ్చి బాలింత, బిడ్డ సచ్చిపోయి, నా బిడ్డ ఫోన్ పట్టుకొని నిలబడ్డది. అమ్మీ రానన్నది అన్నవా? ఏం అడిగిందో ఎరుకేనా రుక్సానా నన్ను, తమ్ముని పెండ్లిల? ‘అమ్మీ, ఎవరన్న సస్తుంటే నువ్వు లేచొస్తవా’ అన్నది. ఎందుకట్లన్నదో నాకు సమజ్ కాలే. పదేండ్లు సమజ్ కాలే పూలక్కా.”

“నేను చెప్త ఆమెకు. ఇప్పుడే చెప్త. నీ ముందటనే చెప్త. తర్వాత నన్ను కొట్టు, తిట్టు, నా మొకం చూడకు.”

సెల్లు కొడుకు తాబిష్ దగ్గర ఉంది, వాడు రెండో షిఫ్టులో ఉన్నాడు. ఇమాంబీ కాసేపు మిషను వైపే చూసింది. తర్వాత గోడకున్న మేకు నుంచి రుక్సానా నంబరు రాసిన కాగితం తీసుకుని, దుపట్టా కప్పుకుని బయటికి నడిచింది. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆమె ముందు, ఈ ఇద్దరూ వెనక.  కాలనీలో ఎదురైనవాళ్లు పలకరిస్తే ఎవరూ పలకలేదు.

ఇంట్లో మమత, రఘుపతి లేచి నిలబడ్డారు. ఒకప్పుడు తాను కాపురం చేసిన గదిలో మూటల మధ్య నిలబడి ఇమాంబీ కాగితం చాచింది. పూలమ్మ అంకెలు చూసి ఒక్కో మీటా నొక్కింది. ఒకసారి తప్పు పోయింది. మళ్లీ నొక్కింది. అవతల రెండు సార్లు మోగి, “కౌన్?” అని వినిపించింది.

“బిడ్డా రుక్సానా, నేను పూలమ్మ పెద్దమ్మను.”

“అమ్మీకి ఏమన్న అయిందా?” ఆ గొంతులో దడ పూలమ్మకు వినిపించింది. కోపం ఉన్న బిడ్డ అలా అడగదు.

“ఏం కాలే. అమ్మీ మంచిగున్నది. నేను ఒకటి చెప్త, మొత్తం ఇను, మధ్యల పెట్టెయ్యకు. పదేండ్ల కింద నువ్వు దవాఖానల నుంచి చేసినప్పుడు నేను మీ అమ్మీని పిలవలే. ఎండకు పోలే. ఆమె రానన్నదని అబద్ధం చెప్పిన. మీ అమ్మీకి నువ్వు చేసినట్టే ఎరుక లేదు బిడ్డా. ఇయ్యాల నేను చెప్పేదాక ఎరుక లేదు.”

 అవతల ఒక బండి హారన్, ఎవరో పిల్లల అరుపు, ఆ తర్వాత అవీ లేవు. లైను కట్టయిందేమోనని పూలమ్మ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. ఇమాంబీ ఆమె ముఖాన్నే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

“ఇప్పుడు అమ్మీ యాడున్నది?” అంది రుక్సానా. గొంతు చాలా దూరం నుంచి వచ్చింది.

“ఈడనే ఉన్నది, నా పక్కకే.”

“అయితే పిలువు పెద్దమ్మా. ఈసారి నిజంగ పిలువు.”

పూలమ్మ తిరిగింది. ఇమాంబీ మూడడుగుల దూరంలో ఉంది. అయినా పిలవాల్సిన విధంగానే, ఆ రోజు ఆ దర్వాజ ముందు నిలబడి పిలవాల్సినట్టే పిలిచింది.

“ఇమాంబీ, మీ రుక్సానా ఫోన్ చేసింది. జల్ది రా.”

ఇమాంబీ వచ్చి రెండు చేతులా రిసీవరు అందుకుంది. “హలో” కూడా అనలేదు. “ఉన్న బేటా. ఆ రోజు గూడ ఇంట్లనే ఉన్న,” అంది. అటు నుంచి పదేళ్ల ఏడుపు ఒక్కసారే వచ్చినట్టుంది, గదిలో ఉన్న అందరికీ సన్నగా వినిపించింది. ఇమాంబీ కళ్లు మూసుకుని, తల ఊపుతూ, “హా బేటా, హా” అంటూ వింటోంది.

 పూలమ్మ మూటల పక్కన నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగక, వెక్కి వెక్కి ఏడ్చింది. సదానందం వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

ఇమాంబీ రిసీవరును గుండెకు ఆనించి కిందికి చూసింది. ముట్టవద్దన్న ఆమే చెయ్యి చాపి పూలమ్మ భుజం తట్టింది.

“జర మెల్లగ ఏడ్వు పూలక్కా,” అంది. “పిల్ల మాట ఇనవడ్తలేదు.”